గింజ మనది, సీసా వాళ్ళది

పెరట్లో బెండ మొక్కలకు పేనుబంక పడుతుంది. ఇంట్లో కుర్రాడు బండెక్కి పురుగుమందుల షాపుకు పోతాడు. షాపాయన ఏ పురుగని అడగడు, ఎన్ని మొక్కలని అడగడు. పత్తికి కొట్టే సీసా ఒకటి చేతిలో పెడతాడు. ఆ సాయంత్రం మందు తడిసిన బెండకాయలే రెండో రోజు కూరవుతాయి. కుర్రాడు వెళ్ళొచ్చిన దారి పొడుగునా వేపచెట్లే. రాలిన పళ్ళు తొక్కుకుంటూనే వచ్చాడు.

మన గూడేల్లో, తండాల్లో ఇది మామూలైపోయింది. దీన్ని తెలివి అనుకుంటున్నాం. ఇది తెలివి కాదు, ఉన్న తెలివిని పోగొట్టుకోవడం.

మన అమ్మలు వేపగింజలు, కానుగ గింజలు ఏరి, ఎండబెట్టి, సంతలో కేజీల లెక్కన అమ్ముతారు. ఆ గింజల నూనే బొమ్మ అంటించుకుని సీసాలో తిరిగొస్తే మిల్లీలీటర్ల లెక్కన కొంటాం. గింజ మనది, సీసా వాళ్ళది. ఏరిన చేతికి దక్కింది ఎంత, సీసా మీద రాసిన ధర ఎంత? ఈ లెక్క మన పిల్లలు బడిలో చేయాలి.

సీసాతో ఆగలేదు. వేపనూనెతో మొక్కల బూజు తెగులును అరికట్టే పద్ధతి తమదేనని అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ కలిసి 1994లో యూరప్‌లో పేటెంటు పొందాయి. ఇది భారత రైతులకు ముందునుంచే తెలిసిన విద్య అని పోరాడితే 2000లో అది రద్దయింది. వాళ్ళ అప్పీలు 2005లో వీగిపోయింది. పరాయి దేశం ఆఫీసులో గెలిచిన విద్యను మన పెరట్లో మనమే ఓడిస్తున్నాం.

"ఆకు పసర్లతో పురుగు చస్తుందా?" అని మన చదువుకున్న పిల్లలే నవ్వుతారు. అవ్వ కందుల్లో బూడిద ఎందుకు కలుపుతుందో ఎప్పుడైనా అడిగారా? బూడిద పురుగు ఒంటి మీది మైనపు పొరను గీకేస్తుంది. ఒంట్లో నీరారి పురుగు చస్తుంది. అవ్వకు ఈ మాటలు రాకపోవచ్చు, పని వచ్చు. మాటలొచ్చిన మనకు పని రాదు.

వేప పనిచేయలేదనే వాళ్ళు దాన్ని విషంలా వాడి ఉంటారు. వేప కొట్టగానే చంపేది కాదు. పురుగు తిండి మానేస్తుంది, కుబుసం విడవలేదు, గుడ్లు సరిగా పెట్టలేదు. అందుకే పురుగు ముదరకముందే కొట్టాలి. పెరటికి 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్ళలో రాత్రి నానబెడితే చాలు. మర్నాడు మూటను బాగా పిండి, వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి, పొద్దు వాలాక ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి. ఎండకు వేప సత్తువ పోతుంది. సబ్బు లేకపోతే ద్రావణం ఆకుకు అంటదు. వారం తర్వాత మళ్ళీ కొట్టాలి. నిలవ ఉంచకూడదు.

చెట్టు నుంచి వచ్చిందంతా మంచిదే అనే వాళ్ళతోనూ మనకు పేచీ ఉంది. పొగాకు కషాయం చెట్టుదే, కానీ అది మనిషికీ విషమే. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే చూపుకే ముప్పు. మన పెద్దలకు ఏది ఎక్కడ వాడకూడదో కూడా తెలుసు. ఆ జాగ్రత్త లేకుండా ఆకుల పేర్లు మాత్రం వల్లిస్తే అది విద్య కాదు.

టీచర్లకు ఒక మాట. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసిందని పరీక్షల్లో తేలింది. కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించిన మందు అది. మన ఇళ్ళలో ఖాళీ అయిన మందు డబ్బా కడిగి నీళ్ళకు పెట్టుకోవడం లేదా? బియ్యం బస్తా పక్కనే సీసా ఉండటం లేదా?

చేలన్నీ రేపటికే మార్చమనడం లేదు. కానీ అది కాని పని అని కూడా ఒప్పుకోం. పాల్వంచ దగ్గరి పునుకుల పత్తి పండించే ఊరు. అప్పులూ ఆసుపత్రులూ చూసిన ఆ రైతులు వేపగింజల కషాయానికి మళ్ళి, 2004 నాటికి పురుగుమందు వాడని ఊరుగా నిలబడ్డారు. అక్కడ గింజలు పొడి చేయడం ఆడవాళ్ళకు కూలి కూడా తెచ్చింది. ఒక ఊరు చేలల్లో చేసింది మనం పెరట్లో చేయలేమా?

ఈ వానాకాలం ప్రతి ఆశ్రమ పాఠశాలలో రెండు మడులు వేయండి. ఒకదానికి వేప కషాయం కొట్టండి, ఒకదాన్ని వదిలేయండి. వారం వారం పురుగులు లెక్కపెట్టి పిల్లల చేత రాయించండి. కషాయం చేసి చూపడానికి ఊళ్ళోని అవ్వను పిలవండి, ఆమెకు కుర్చీ వేయండి. యువకులారా, ఈసారి వేపగింజలన్నీ సంతకు పోనివ్వకండి. ముందు మన పెరటికి సరిపడా ఇంట్లో ఉంచండి. మిగిలినవే అమ్ముదాం.