మట్టి కారు

మేముండేది పోర్ట్ క్లాంగ్‌లో. రేవు వైపు వెళ్ళినప్పుడల్లా ఓడల్లోంచి దిగిన కొత్త కార్లు వరసగా ఎండలో మెరుస్తూ కనిపిస్తాయి. మొన్న ఆదివారం మావాడు వాటిని చూసి, "కారు షేపు ఎలా చేస్తారు నాన్నా?" అన్నాడు. "ముందు బొమ్మ గీసి, తర్వాత మట్టితో చేస్తార్రా" అన్నాను. నమ్మలేదు.

నిజంగా మట్టే. 1927లో జనరల్ మోటార్స్ వాళ్ళ లాసాల్ కారుకి రూపమిచ్చిన హార్లీ ఎర్ల్ ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. మన కుమ్మరి మట్టి కాదు, మైనం కలిసినది. వేడి చేస్తే మెత్తబడుతుంది, ఆరి బీటలు వారదు. ముందు నాలుగో వంతు సైజులో చిన్న నమూనా, అది నచ్చితే అసలు సైజుది. ఇన్ని కంప్యూటర్లొచ్చినా పెద్ద కంపెనీలు మట్టిని పూర్తిగా వదల్లేదు. తెర మీద బాగున్న వంపు, వెలుగులో చుట్టూ తిరిగి చూస్తే తేలిపోవచ్చు. చిన్న నమూనాలో తప్పు దొరికితే పోయేది గుప్పెడు మట్టి. ఫ్యాక్టరీలో అచ్చులు తయారయ్యాక దొరికితే కోట్లు.

నాకింకా నచ్చిన సంగతి వేరే ఉంది. ఆ కంపెనీకే చెందిన ఫిషర్ బాడీ వాళ్ళు 1930 నుంచి 1968 దాకా కుర్రాళ్ళకి పోటీ నడిపారు (ఆడపిల్లలకి చోటివ్వలేదు, అది తప్పే). మొదట్లో నెపోలియన్ కాలంనాటి గుర్రబ్బండి నమూనా, తర్వాత సొంతంగా ఊహించిన కారు, పన్నెండో వంతు సైజులో. గెలిస్తే కాలేజీ చదువుకి డబ్బు. 1947లో గెలిచిన చక్ జోర్డాన్ 1986లో జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికే అధిపతి అయ్యాడు.

మరి మన ఇళ్ళల్లో? తొమ్మిదో తరగతిలో వినాయకచవితికి మిగిలిన బంకమట్టితో నేనో అంబాసిడర్ చేశాను. చక్రాలు పాత హవాయి చెప్పులు కోసినవి. నాన్నగారు చూసి, "ఈ తెలివి లెక్కల్లో చూపించరా" అన్నారు. లెక్కల్లోనే చూపించాను. ఎమ్మెస్సూ అయింది, విదేశమూ అయింది.

ఇక్కడి ప్రోటాన్ సాగా 1985లో వచ్చింది. పేరుకి జాతీయ కారు, లోపల మిత్సుబిషి లాన్సరే. తమ సొంత డిజైన్ అని చెప్పుకున్న వాజా రావడానికి 2000 దాకా పట్టింది. ఆలస్యమైనా వాళ్ళు ఆ అడుగు వేశారు. నేను మాత్రం పన్నెండేళ్ళుగా ఎవరో గీసిచ్చిన డిజైనుకే కోడు రాస్తున్నాను. బాగానే రాస్తాను, జీతమూ బాగానే ఉంది. కానీ తెల్లకాయితం ముందు పెట్టి "నువ్వే చెప్పు" అంటే ఏమీ తోచదు.

మట్టి పిసికితే ఉద్యోగం వస్తుందా అంటారు మీరు. రాకపోవచ్చు. తప్పు చెయ్యడం, చూసుకోవడం, చెరిపి మళ్ళీ చెయ్యడం మాత్రం వస్తుంది. మార్కుల చదువులో తప్పుకి చోటేదీ?

ఆ సాయంత్రమే మట్టి కొనిచ్చాను. ఓ పక్కకి ఒరిగిన కారొకటి తయారైంది. లెక్కల హోంవర్కు అలాగే ఉంది. నాన్నగారి మాటే నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.