పేరు లేని చేతులు

ఈ వేసవిలో మన యౌవనస్థుల కూటంతో కలిసి సోలాపూర్ నుంచి పుణె వెళ్లాం. రాజా దినకర్ కేల్కర్ మ్యూజియం చూసి రావాలనుకున్నాం. కేల్కర్ (1896–1990) రాజూ కాదు, జమీందారూ కాదు. కళ్లద్దాల వ్యాపారం చేసుకునే మనిషి. ఏడేళ్ల కొడుకు రాజా చనిపోతే, ఆ బిడ్డ జ్ఞాపకంగా తాను ఊరూరా తిరిగి సేకరించిన వస్తువులకు అతని పేరు పెట్టుకున్నాడు. భార్య కమలాబాయి ఆ పనిలో తోడుగా నిలిచింది. సొంత ఇంట్లో మొదలైన ఆ సేకరణ వేల వస్తువులకు పెరిగింది.

అక్కడ కత్తులు, కిరీటాల కంటే దీపాలు, అడకత్తెరలు, దువ్వెనలు, కుంకుమ భరిణెలు, వంటపాత్రలు ఎక్కువ. ఒక అడకత్తెర ముందు మన అమ్మాయి ఒకతె ఆగిపోయింది. “ఇలాంటిదే మా నాయనమ్మ దగ్గర ఉండె. మొన్న ఇల్లు మారినప్పుడు భంగార్ వాడికి వేసేశాం” అంది. అందరం నవ్వాం, కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. ఆ రోజు ఇంకెవరమూ గాజు అద్దాల వెనుక ఉన్నవాటిని పరాయి వస్తువుల్లా చూడలేకపోయాం.

వస్తువు పక్కన చీటీ ఉంటుంది. అది ఏమిటో, ఎక్కడిదో, ఏ శతాబ్దానిదో రాసి ఉంటుంది. చేసినవాడి పేరు మాత్రం ఉండదు. ఇది మ్యూజియం తప్పు కాదు. ఆ పేరు ఏనాడూ ఎవరూ రాయలేదు. కేల్కర్ కవి కూడా, “అజ్ఞాతవాసి” అనే కలం పేరుతో రాసేవాడు. ఆయన అజ్ఞాతం ఆయన ఎంచుకున్నది. ఆ కంసాలి, ఆ నేతగాడు దాన్ని ఎంచుకోలేదు. వాద్యాల గదిలో ఈ మాట ఇంకా గట్టిగా తగిలింది. తోలు బిగించిన మద్దెలలు గౌరవంగా అద్దాల్లో ఉన్నాయి. ఆ తోలు ఊనిన చేతులను ఊరు బయట ఉంచిన సమాజం మనది.

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్లందరికీ ముసుగు వేసుకున్న రిబ్కా పాలరాతి బొమ్మ గుర్తుంటుంది. రాతిలో పల్చటి బట్టను చెక్కిన ఇటలీ శిల్పి బెంజోని పేరు మనకు తెలుసు. నిజమైన పల్చటి బట్టలు నేసిన మన తాతల పేర్లు ఎవరికి తెలుసు?

తిరిగి వచ్చాక మన పేటను కొత్తగా చూశాం. 1870లలో సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు వచ్చింది. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుంచి కరువుకు, అప్పులకు తాళలేక నేతవాళ్లు ఇక్కడికి చేరారు. సాఖర్ పేట, అశోక్ చౌక్, అక్కల్‌కోట్ రోడ్డు, ఏ సందులోకి వెళ్లినా తెలుగే వినిపిస్తుంది. గుంట మగ్గం పోయి మరమగ్గం వచ్చింది. సోలాపూర్ దుప్పటికి, టవల్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊరి పేరుకు చట్టం రక్షణ ఇచ్చింది. నేసినవాడి పేరు ఆ దుప్పటి మీద ఇప్పటికీ లేదు. ఇంట్లో అమ్మలు, అక్కలు చాట ఒళ్లో పెట్టుకుని వెయ్యి బీడీల లెక్క కోసం పొద్దంతా వంగి కూర్చుంటారు. వాళ్ల పేరు బీడీ కట్ట మీదా లేదు.

చైనాలో సేవ చేస్తూ 1942లో మరణించిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ పుట్టిన ఇల్లు మన ఊళ్లోనే స్మారకంగా నిలిచింది. నిలవాల్సిందే. అలాగే ఒక నేతగాడి గది, ఒక బీడీ కార్మికురాలి అరుగు కూడా నిలవాలని అడగడానికి మనకెందుకు సంకోచం?

బైబిలు ఈ విషయంలో మనకంటే ముందుంది. నిర్గమకాండంలో ప్రత్యక్ష గుడారం పనికి దేవుడు బెసలేలును, అహోలీయాబును పేరు పెట్టి పిలిచాడు. నేతపని కూడా ఆయన ఇచ్చిన జ్ఞానమే అని అక్కడ ఉంది. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు ఏం చూపించారు? ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలోని ఆ మేడగదిని మించిన మ్యూజియం ఏది? వస్తువు ఉంది, చేసినామె పేరు ఉంది, దాన్ని వాడినవాళ్ల కన్నీళ్లూ ఉన్నాయి.

మరి మన సంఘాల సంగతి? గుడి గోడ మీద పాలరాతి పలకలో చందా ఇచ్చిన పెద్దల పేర్లు ఉంటాయి. పిడికెడు బియ్యం తీసిపెట్టిన బీడీ తల్లుల పేర్లు, రాళ్లు మోసిన కూలీల పేర్లు ఉండవు. ముందు సరిచేసుకోవాల్సింది ఇక్కడే.

యౌవనులారా, ఇది డబ్బుతో పని కాదు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన దగ్గర, ఒక పెద్దమ్మ దగ్గర కూర్చోండి. ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ కార్ఖానాలో పని చేశారో అడిగి రాసుకోండి. ఇంట్లో మూలన పడి ఉన్న నాడె, కండె, రాట్నం, ఆకు కత్తెర భంగార్‌కు వేయకండి. ఒక చీటీ కట్టి, వాడిన మనిషి పేరు రాయండి. సంఘంలో ఒక బీరువా చాలు, మొదలుపెట్టడానికి.

అయితే ఒక్క హెచ్చరిక. పాత మగ్గాన్ని అద్దంలో పెట్టి, బతికున్న కార్మికుడి కూలి గురించి నోరు మూసుకుంటే అది అలంకారమే అవుతుంది. పనివాడికి బిగబట్టిన కూలి దేవుని చెవిన మొరపెడుతుందని యాకోబు పత్రిక హెచ్చరిస్తుంది. కాబట్టి ఆ చీటీ మీద పేరుతో పాటు, ఆ రోజుల్లో వెయ్యి బీడీలకు ఎంత ఇచ్చారో, ఒక దుప్పటికి ఎంత ఇచ్చారో కూడా రాద్దాం. ఇప్పుడెంత ఇస్తున్నారో దాని కిందే రాద్దాం. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూసిన రోజు, మన కూటం ఎవరి పక్కన నిలబడాలో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.