గోడలోని లోపం, బండిపై నింద

 

నరసరావుపేటలో మా పక్క వాకిలిలోనే నివసించే మా తమ్ముడు నిరుడు ఒక కరెంటు కారు కొన్నాడు. గురజాల, మాచర్ల ప్రాంతాల నుండి వైద్యం కోసం గుంటూరు వెళ్ళే వారిని తీసుకువెళ్ళడం అతని జీవనోపాధి. రాత్రి ఇషా నమాజు తరువాత ప్లగ్గు పెడితే ఫజ్ర్ వేళకు బ్యాటరీ నిండేది. ఎండలు ముదిరాక పరిస్థితి మారింది. ఛార్జరు పెట్టె మీద ఎర్ర దీపం వెలిగేది. కారు తెరపై ఛార్జింగు వ్యవస్థలో లోపం ఉన్నదనే హెచ్చరిక కనిపించేది. ప్లగ్గు తీసి మళ్ళీ పెడితే పోయేది, అర్ధరాత్రి తిరిగి వచ్చేది. ఒక తెల్లవారుజామున గురజాలలో ఒక వృద్ధుడు డయాలసిస్‌కు సిద్ధమై ఎదురుచూస్తున్నారు. అక్కడికి వెళ్ళి, గుంటూరు చేరడానికి చాలినంత ఛార్జింగు బండిలో లేదు. తమ్ముడు మరొకరిని బతిమాలి వారి కారును పంపవలసి వచ్చింది.

అమ్మినవారు మోసం చేశారని తమ్ముడు అన్నాడు. మేమూ వంత పాడాము. రెండుసార్లు మరమ్మతు కేంద్రంలో చూపించాడు. బండిలో లోపమేమీ లేదని వారు చెబితే, వారికి పని రాదని ఇద్దరమూ తీర్పు చెప్పాము.

ఆ వారమే మదరసాలో సూరా హుజురాత్ పాఠం నడుస్తున్నది. ఏదైనా వార్త వస్తే నిజానిజాలు పరిశీలించిన తరువాతే ముందుకు సాగాలని, లేకుంటే తెలియక ఒకరికి హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని అల్లాహ్ అందులో హెచ్చరించాడు. పిల్లలకు ఆ వాక్యం బోధిస్తూ మేము పరిశీలించినదేమిటని మమ్మల్ని మేమే ప్రశ్నించుకున్నాము. సిగ్గనిపించింది.

ఆ సాయంత్రం తమ్ముణ్ణి కూర్చోబెట్టి, హెచ్చరిక ఎప్పుడెప్పుడు, ఎక్కడెక్కడ వచ్చిందో కాగితం మీద రాయించాము. గురజాలలో అతని అత్తవారింట ఒక రాత్రి ఛార్జింగు పెట్టాడు, హెచ్చరిక రాలేదు. రోడ్డు పక్క ఛార్జింగు కేంద్రంలోనూ రాలేదు. మన ఇంట్లో కూడా, వాన కురిసిన రెండు రాత్రులు రాలేదు. కారు అదే, తీగ అదే. మారినది చోటు ఒక్కటే. అంటే లోపం బండిలో లేదు, మన గోడలో ఉన్నది.

అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాము. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 228 వోల్టులు చూపిన మీటరు, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 90 మాత్రమే చూపింది. ఈ రెండూ దాదాపు సమానంగా ఉండాలట. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించి ఉండకూడదట. ఇక్కడ అది 70 దాటింది. ఛార్జరు కరెంటు తీసుకునే ముందు ఎర్త్ ఉన్నదో లేదో పరీక్షించుకుంటుంది. లేకపోతే పని ఆపుతుంది. అది చేసినది తన విధి మాత్రమే.

రెండేళ్ళ క్రితం వాకిట్లో నాపరాళ్ళు పరిపించినప్పుడు ఎర్త్ గుంతను కూడా కప్పేశారు. నీళ్ళు పోసే దారి మూసుకుపోయింది. మన పల్నాటి నేల అడుగున సున్నపురాయి. వేసవిలో తేమ నిలవదు. రాయి తీసి చూస్తే గుంత ఎండి ఉన్నది, తీగ తుప్పుపట్టి నూలుపోగంత మిగిలి ఉన్నది.

అప్పుడు తలుపు చాటు నుండి మా మరదలు అన్న మాట మేము మరువలేము: “వాషింగ్ మెషీను ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటున్నదని నాలుగు నెలలుగా చెబుతున్నాను కదా భాయ్‌సాబ్!”

నిజమే, చెప్పింది. చెప్పులు వేసుకుని బట్టలు ఉతకమని తమ్ముడు సలహా ఇచ్చాడు. ఆ సలహా విని మేమూ ఊరకున్నాము. ఫ్రిజ్, నీళ్ళ మోటారు, వాషింగ్ మెషీను అన్నీ ఆ ఎర్త్‌నే నమ్ముకుని ఉన్నాయి. వాటిని తడి చేతులతో ముట్టుకునేది ఆమె, ఆమె పిల్లలు. ఇంటి ఇల్లాలి మాటకు ఇవ్వని విలువను ఎర్ర దీపానికి ఇచ్చాము. అదీ సంపాదన ఆగినందువల్ల.

ఈలోగా పరిచయస్తుడొకరు సులువైన ఉపాయం చెప్పారు. సాకెట్టులో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ చిన్న తీగతో కలిపితే హెచ్చరిక రాదట. ఎలక్ట్రీషియన్ వినగానే వారించాడు. దీపం ఆరుతుంది, నిజమే. కానీ ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే కారు పైరేకు అంతటా కరెంటు పారుతుంది. అది ప్రాణాంతకం. ఎవరు చెప్పినా ఆ పని చేయకండి.

రెండున్నర మీటర్ల ఇనుప గొట్టంతో, బొగ్గూ ఉప్పూ పొరలతో కొత్త గుంత వేయించాము. నీళ్ళు పోయడానికి పైన మూత పెట్టించాము. కారుకు మీటరు బోర్డు నుండి విడిగా మందమైన రాగి తీగ, 16 ఆంపియర్ల నాణ్యమైన సాకెట్టు, షాకు ప్రాణం తీసేలోపే కరెంటు తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించాము. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడకం మానిపించాము. గంటల తరబడి మూడు కిలోవాట్ల భారాన్ని అది మోయలేదు. సాకెట్టు నల్లబడినా, ప్లగ్గు చెయ్యి కాలేంత వేడెక్కినా వెంటనే ఆపాలి. హెచ్చరిక అన్నిచోట్లా వస్తుంటే, లేదా బండి నడుస్తుండగా వస్తుంటే అప్పుడు బండినే అనుమానించాలి. తరచుగా 12 వోల్టుల చిన్న బ్యాటరీ బలహీనపడి ఉంటుంది. దానిని కేంద్రంలోనే చూపించాలి. నారింజ రంగు తీగలను ఎవరూ ముట్టరాదు.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయిన వార్త విని, నిద్రించే ముందు నిప్పును ఆర్పమని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు సహీహ్ బుఖారీ, ముస్లింలలో ఉన్నది. కరెంటు బండికి రాత్రి ఛార్జింగు పెట్టవచ్చునా అని కొందరు మమ్మల్ని అడిగారు. వేలాడే దీపాల విషయంలో ఇమామ్ నవవీ (ర) ఇచ్చిన వివరణ ఇక్కడ దారి చూపుతుంది: వాటివల్ల ప్రమాదభయం లేకపోతే దోషం లేదు, భయం ఉంటే ఆర్పవలసిందే. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించారు. కాబట్టి ఊడదీసే బ్యాటరీలను నిద్రించే గదిలో, తలుపు దగ్గర, బయటికి వెళ్ళే దారిలో ఛార్జింగుకు పెట్టకండి. మేలుకుని ఉన్న వేళలోనే ఆ పని ముగించండి.

అల్ హమ్దులిల్లాహ్! మా తమ్ముడి బండి ఇప్పుడు ఫజ్ర్ వేళకు సిద్ధంగా ఉంటున్నది. మరమ్మతు కేంద్రానికి వెళ్ళి, నిందించిన పనివారికి అతను క్షమాపణ చెప్పి వచ్చాడు. మరదలికి మేమిద్దరమూ చెప్పాము. ప్రతి శుక్రవారం ఆ గుంతలో రెండు బిందెల నీళ్ళు పోసే బాధ్యత మా తమ్ముడిదే. ఆమెది కాదు.

మన ఇళ్ళను, ఇంటివారిని అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక! ఆమీన్.