ఆహార్యమా, మారువేషమా? : క్వీర్ వస్త్రధారణ – మన విమర్శ పరిభాష

పురుషుడు చీర కట్టడం తెలుగు నాటక, నృత్య విమర్శకు కొత్త విషయం కాదు. భామాకలాపంలో సత్యభామ జడను గురించి, ఆ పాత్రలో వేదాంతం సత్యనారాయణ శర్మ హొయలను గురించి, స్థానం నరసింహారావు చీరకట్టును గురించి మన విమర్శకులు తనివితీరా రాశారు. స్థానంవారికి 1956లో, శర్మగారికి 1970లో పద్మశ్రీ లభించింది. అదే చీర వీధిలో హిజ్రా ఒంటిమీద కనిపించినప్పుడు మాత్రం ఆ కలమే ‘అనుకరణ’, ‘వికృతి’, ‘వేషం’ అనే మాటలను వెతుక్కుంటుంది. స్త్రీ పాత్రధారులకు క్వీర్ ముద్ర వేయడం నా ఉద్దేశం కాదు. ఒకే వస్త్రాన్ని రెండు కొలతలతో కొలవడం శాస్త్రీయం కాదన్నదే నా వాదన.

ఈ రెండో కొలతకు ఒకప్పుడు చట్టరూపం కూడా ఉండేది. నిజాం రాజ్యంలో ఫసలీ 1329 (1919) నాటి నపుంసకుల చట్టం ప్రకారం స్త్రీ దుస్తులతోనో ఆభరణాలతోనో వీధిలో కనిపించిన హిజ్రాను వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చు. కట్టుకున్న బట్టే అక్కడ నేరం. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. చట్టం పోయినా దాని చూపు మన పరిభాషలో మిగిలే ఉంది.

ఆ చూపుకు ఆధారం అజ్ఞాతవాస నమూనా. విరాటపర్వంలో బృహన్నల రూపం అర్జునుణ్ణి దాచే మరుగు. ఏడాది గడువు తీరగానే ‘అసలు’ రూపం బయటపడుతుంది. ఆ కథకు అది సరిపోతుంది. దానినే ప్రతి క్వీర్ దేహానికీ వర్తింపజేస్తే తలకిందులవుతుంది. బొట్టు, గాజులు, పూలతో తనను తాను చెప్పుకొనే ట్రాన్స్ స్త్రీకి తీరవలసిన గడువేదీ లేదు. ఇంటివారి భయంతో, కొలువు కోసం ఆమె తొడుక్కొన్న ప్యాంటూ చొక్కాలే ఆమెకు అజ్ఞాతవాసం.

ఇంతకన్న మంచి మాట మన శాస్త్రంలోనే ఉంది. అభినయాన్ని భరతుడు ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని విభజించాడు. అభినయమంటే అర్థాన్ని చూపరి వైపు తీసుకుపోవడం. కనుక ఆహార్యం పని తెలపడం, దాచడం కాదు. 2014 నాటి నాల్సా తీర్పులో సుప్రీంకోర్టు కూడా, తాను గుర్తించుకొన్న జెండర్‌ను వస్త్రధారణ ద్వారా వ్యక్తం చేయడం 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని చెప్పింది.

నాట్య పరిభాషను జీవితానికి తెస్తే జీవితం నటన అయిపోదా అని ఆక్షేపించవచ్చు. ఆ మాటను క్వీర్ వ్యక్తులకు మాత్రమే వాడితే ఆ ఆక్షేపణ నిలుస్తుంది. ఆచార్యుని పంచెకట్టు, పోలీసు ఖాకీ, ముత్తైదువ మట్టెలు కూడా చూపరికి ఏదో ఒకటి తెలిపేవే. అయినా ‘ఇది నీ అసలు రూపమేనా?’ అని వారిని ఎవరూ రుజువు అడగరు. ఆహార్యం అందరిదీ అని ఒప్పుకొంటే ఆ ప్రశ్న అడిగే హక్కు విమర్శకునికి మిగలదు.

కాబట్టి మన పరిశోధనలు ఈ సందర్భంలో ‘వేషం’ అనే మాటను విడిచిపెట్టాలి. ఎదుటి వ్యక్తి తనను ఏ పేరుతో చెప్పుకొంటే ఆ పేరే వాడాలి. సత్యభామ జడను ఎంత శ్రద్ధగా చదివామో వీధిలోని చీరకుచ్చిళ్లను కూడా అంత శ్రద్ధతో చదవాలి.