ఎత్తు వస్తే దిగి నడవండి!

మీకు సైకిలు తొక్కడం వచ్చు కదూ? హైస్కూలుకి వెళ్లే రోజుల్లో అన్నయ్య సైకిలు మీద అడ్డతొక్కుడు తొక్కి, మోకాళ్లు గీక్కుపోయినా పట్టు వదలకుండా నేర్చుకుని, తీరా పెళ్లయ్యాక దాని మొహం చూడని వాళ్లు మనలో ఎంతమంది లేరు! అలాంటి వాళ్లకోసమే ఈ వారం కబురు. ఇటలీలో ద్రాక్షతోటల కొండల మధ్య సైకిలు మీద ఒక వారం!

"బాగానే ఉంది సంబడం, ఇటలీ ఏమన్నా పక్కవీధిలో ఉందా?" అని నవ్వేయకండి. అమ్మాయి పురుటికనో, మనవణ్ణి చూసుకోవడానికనో జర్మనీ, నెదర్లాండ్స్ వంటి దేశాలకు వెళ్లి, ఆ మూడు నెలలూ వంటింటికీ ఉయ్యాలకీ మధ్యే తిరిగి వచ్చేసే తల్లులు ఇవాళ ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ దేశాలకిచ్చే షెంజెన్ వీసా ఇటలీకి కూడా చెల్లుతుంది. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు మించకూడదన్నదే లెక్క. మీ వీసా ఒకసారికా, ఎక్కువసార్లకా, ఎన్ని రోజులకు ఇచ్చారో మాత్రం చూసుకోండి. ఇంగ్లండు ఈ లెక్కలోకి రాదు, దానికి వేరే వీసా. పురుడు పోసి, పథ్యం పెట్టి, బాలింతను లేవదీసిన చేతులకు తిరుగుప్రయాణానికి ముందు ఒక్క వారం సెలవు అడగడం తప్పా? ఆలోచించండి.

ఎవరి వెంటా పడక్కర్లేదు

విహారయాత్ర అంటే మనకు తెలిసింది బస్సు, గైడు, ఆయన ఎత్తి పట్టుకున్న జెండా. "అయిదు నిమిషాల్లో ఫోటోలు తీసుకుని వచ్చేయాలి" అనే హెచ్చరిక. ఇది అలా కాదు. ఇందులో గైడు ఉండడు, గుంపు ఉండదు. ఏర్పాటుచేసే సంస్థ వాళ్లు మీ ఎత్తుకు సరిపడే సైకిలు, దారి వివరాలు, రాత్రి బస సిద్ధం చేసిపెడతారు. పెట్టెలు మీరు మోయక్కర్లేదు. ఉదయం హోటలు గుమ్మం దగ్గర పెట్టేస్తే సాయంత్రానికి తర్వాతి ఊళ్లో హోటలుకు వ్యానులో చేరిపోతాయి. చక్రం పాడైతే ఫోను చేయడానికి ఒక నంబరు ఇస్తారు. ఇక మధ్యలో ఉన్న పగలంతా మీదే! ఎక్కడ ఆగాలో, ఎంతసేపు కూర్చోవాలో, ఏ చెట్టుకింద మూట విప్పాలో మీరే నిర్ణయించుకోవాలి.

చదవడానికి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఒక పగలల్లా ఎవరి టైముకీ కాఫీ కలపకుండా, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా మీరు గడిపి ఎన్నాళ్లయింది?

ఎక్కడిదీ కియాంతి?

ఇటలీ నడిమధ్యలో టస్కనీ అనే ప్రాంతం ఉంది. అందులో ఫ్లోరెన్సుకూ సియెనాకూ మధ్య ఉన్న కొండల సీమ పేరు కియాంతి. ద్రాక్షతోటలు, ఆలివ్ తోపులు, సన్నగా నిటారుగా నిలబడే సైప్రస్ చెట్లు, కొండకొమ్మున రాతి ఊళ్లు. మెడిచీ వంశపు మూడవ కోసిమో ప్రభువు 1716లోనే ఇక్కడి ద్రాక్షసారాయం ఏ పొలిమేరల మధ్య తయారవ్వాలో శాసనం చేశాడు. ఇప్పటికీ ఇక్కడి కియాంతి క్లాసికో సీసా మీద నల్లకోడి బొమ్మ ఉంటుంది. దాని వెనక ఒక సరదా కథ చెబుతారు.

ఫ్లోరెన్సు, సియెనా ఊళ్లకు సరిహద్దు తగాదా వచ్చిందట. తెల్లవారి కోడి కూయగానే చెరో రౌతు బయలుదేరాలి, ఇద్దరూ ఎదురుపడ్డ చోటే ఎల్ల అని ఒప్పందం చేసుకున్నారు. సియెనా వాళ్లు తెల్లకోడిని బాగా మేపారు. ఫ్లోరెన్సు వాళ్లు నల్లకోడిని చీకటిగూట్లో పస్తుంచారు. ఆకలితో నకనకలాడే నల్లకోడి తెల్లవారకముందే లేచి కూసేసింది! పొట్టనిండిన కోడి హాయిగా నిద్రపోయింది. ఫ్లోరెన్సు రౌతు సియెనాకు దగ్గరగా ఉన్న ఫోంతెరూతొలి దాకా వచ్చేశాడట. కియాంతి దాదాపు అంతా ఫ్లోరెన్సుకే దక్కింది. ఆ ఊరు మీ దారికి పక్కనే తగులుతుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నాలుగు రోజుల దారి చెబుతాను. ఫ్లోరెన్సు ఊళ్లోని వాహనాల రద్దీలో తొక్కే సాహసం వద్దు. బస్సులో గ్రేవే చేరుకుని అక్కడినుంచి మొదలుపెట్టండి. మూడు మూలల ఆకారంలో చుట్టూ వసారాలున్న సంతచావడి ఈ ఊరి అందం. అక్కడినుంచి పన్‌జానో సుమారు 7 కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. తర్వాత దిగి, మళ్లీ ఎక్కితే కాస్తెల్లీనా. ఇక్కడ కోటగోడ వెంబడి సొరంగంలాంటి పాతవీధి ఒకటి ఉంది, ఎండలో చల్లగా ఉంటుంది. రెండోరోజు రాద్దా, సుమారు 10 కిలోమీటర్లే. మూడోరోజు గయోలే, అదీ అంతే. నాలుగోరోజు సియెనా, 30 కిలోమీటర్లకు అటూ ఇటూ. సియెనా కూడా కొండమీది ఊరే, కాబట్టి చివర్లో కొంచెం ఓపిక మిగుల్చుకోండి. తక్కిన రోజులు ఫ్లోరెన్సు, సియెనా చూడటానికి, కాళ్లు చాపుకుని కూర్చోవడానికి.

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల వరకూ, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెలలూ అనుకూలం. సెప్టెంబరులో వెళితే ద్రాక్ష కోతలు చూడవచ్చు. ఆగస్టులో ఎండ ఎక్కువ, పైగా ఇటలీ అంతా సెలవుల్లో ఉంటుంది. జులై 2న, ఆగస్టు 16న సియెనాలో గుర్రప్పందేలు. ఆ రోజుల్లో గది దొరకడం కష్టం.

కొండ ఎక్కేది ఎలా?

"నలభై అయిదు దాటాయి, మోకాళ్లు మొరాయిస్తున్నాయి" అంటారా? కరెంటు సైకిళ్లున్నాయి. తొక్కడం మీరే తొక్కాలి, మోటారు వెనకనుంచి చెయ్యి వేసినట్టు సాయం చేస్తుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగం దాటితే ఆ సాయం ఆగిపోతుంది. అద్దెకు దొరుకుతాయి. రాత్రి హోటల్లో బ్యాటరీ చార్జింగు పెట్టుకోవడం మర్చిపోకండి. గుండెజబ్బు, మోకాలి ఆపరేషను వంటివి ఉంటే డాక్టరుగారిని అడిగాకే బయలుదేరండి.

బయలుదేరడానికి మూడు నెలల ముందునుంచే ఇంటి దగ్గర సాధన మొదలుపెట్టండి. తెల్లవారుజామున అరగంటతో ఆరంభించి, క్రమంగా వరసగా రెండు రోజులు చెరో రెండేసి గంటలు తొక్కగలిగేలా పెంచుకోండి. ఇంకొన్ని జాగ్రత్తలు:

ఎత్తు మొదలయ్యాక కాదు, మొదలవకముందే తేలిక గేరుకు మార్చండి. బలంగా, నెమ్మదిగా తొక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. తేలిగ్గా, చకచకా తొక్కండి.

దిగుడులో రెండు బ్రేకులూ కలిపి కొద్దికొద్దిగా పట్టి వదలండి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే పల్టీ కొడతారు.

అక్కడక్కడా తెల్లటి కంకర దారులుంటాయి. వాటిమీద వేగం తగ్గించండి, హఠాత్తుగా హ్యాండిలు తిప్పకండి.

అక్కడ బండ్లన్నీ కుడివైపున నడుస్తాయి. మలుపు తిరిగాక పాత అలవాటుకొద్దీ ఎడమకు పోతాం. భద్రం!

చీర, చున్నీ వద్దు. చక్రంలో చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కాళ్లకు అంటిపెట్టుకునే ప్యాంటు, పైన వదులు చొక్కా హాయి. చట్టం అడగకపోయినా హెల్మెట్ పెట్టుకోండి. పొద్దుగూకాక ఊరి బయట తొక్కాలంటే వెలుగు పడితే మెరిసే జాకెట్టు తప్పనిసరి అన్నది అక్కడి నియమం.

ద్రాక్షసారాయం రుచి చూడమని తోటల వాళ్లు పిలుస్తారు. తాగి తొక్కితే సైకిలుకూ శిక్ష ఉందక్కడ. మీవారికి ముందే చెప్పి ఉంచండి! ముట్టని వాళ్లు నేలమాళిగలో వరసగా పేర్చిన పీపాలు చూడవచ్చు. ఆ తోటల్లో చాలావాటిలో ఆలివ్ నూనె కూడా తీస్తారు. కాల్చిన రొట్టెమీద కాస్త వెల్లుల్లి రుద్ది, నూనె పోసి ఇచ్చే ఆ ముక్క రుచి చూస్తే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, ఎత్తు వస్తే దిగి నడవండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. మీవారు ముందుకు వెళ్లిపోతే వెళ్లనివ్వండి, పైన ఎక్కడ కలవాలో పొద్దున్నే అనుకుంటే సరిపోతుంది. వెనకబడిపోతున్నామన్న కంగారుతో శక్తికి మించి తొక్కితేనే ప్రమాదం. నడిచినా కొండ ఎక్కినట్టే కదా!

చీపురుకర్ర చెప్పిన పాఠం

ఈ కొండల దేశంలోనే అల్ఫోన్సీనా స్త్రాదా అనే ఆవిడ ఉండేది. 1891లో పేద కుటుంబంలో పుట్టింది. తర్వాత పెళ్లయింది. పెళ్లికానుకగా మొగుడు ఇచ్చిందేమిటో తెలుసా? సైకిలు! 1924లో ఇటలీ దేశమంతా చుట్టే జీరో పందెంలో మగవాళ్ల మధ్య ఆవిడ ఒక్కతే ఆడది. వానగాలిలో పడి హ్యాండిలు విరిగిపోతే చీపురుకర్ర ముక్క కట్టుకుని తొక్కిందని చెబుతారు. ఆరోజు ఆలస్యమైనందుకు పోటీ లెక్కలోంచి తీసేసినా మానలేదు, చివరిదాకా తొక్కింది. 90 మంది బయలుదేరిన ఆ పందెంలో ఆఖరు ఊరు చేరింది సుమారు 30 మందే. ఇంట్లో ఉన్న వస్తువుతో గండం గట్టెక్కడం ఆడవాళ్లకు కొత్తా చెప్పండి?

తిండి మాటేమిటి?

శాకాహారులు పస్తుండక్కర్లేదు. "సోనో వెజెతారియానా" అంటే నేను శాకాహారిని అని. "సెంజా కార్నె" అంటే మాంసం లేకుండా. సూపు చెప్పేముందు మాంసం ఉడికించిన నీళ్లు పోశారేమో అడగండి. పార్మెజాన్ వంటి చీజులు తోడుపెట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లు వద్దని చెప్పాలి. శనగలు, బీన్సు గింజలు, టమాటాలతో వంటలు బోలెడు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే పల్లెల్లో కొట్లు మూసేసి సాయంత్రం తెరుస్తారు. కాబట్టి పొద్దున్నే రొట్టె, పళ్లు కొని సంచిలో వేసుకోండి.

టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు. మొదటిరోజు చప్పగా అనిపిస్తుంది. అది ఎండిపోతే అక్కడి ఇల్లాళ్లు పారేయరు, "పన్‌జనెల్లా" చేస్తారు. వెళ్లినా వెళ్లకపోయినా ఇది మీ ఇంట్లో చేసుకోవచ్చు.

కావలసినవి: నిన్నటి గట్టి రొట్టె పావుకిలో, పండిన టమాటాలు నాలుగు, కీరాదోసకాయ ఒకటి, ఎర్ర ఉల్లిపాయ ఒకటి, ఆలివ్ నూనె నాలుగు పెద్ద చెంచాలు, వెనిగర్ రెండు చెంచాలు, ఉప్పు, మిరియాలపొడి, ఇటలీ తులసి అనే బేజిల్ ఆకులు గుప్పెడు.

చేసే విధానం: ఉల్లిపాయ సన్నగా తరిగి, కాస్త వెనిగర్ కలిపిన నీళ్లలో పావుగంట ఉంచితే ఘాటు తగ్గుతుంది. రొట్టెను చల్లటి నీళ్లలో తడిపి, నీరంతా పిండేసి, చేత్తో పొడిపొడిగా విదపండి. టమాటా, కీరా ముక్కలు, ఉల్లిపాయ, ఉప్పు, మిరియాలపొడి, వెనిగర్, నూనె వేసి కలపండి. అరగంట చల్లటి చోట ఉంచి, తినేముందు ఆకులు తుంచి వేయండి. పొయ్యి వెలిగించే పనే లేదు!

ఇక ఈ ఆదివారం ఒక పని చేయండి. పిల్లల సైకిలో, పనిమనిషి కొడుకు సైకిలో కాసేపు అడిగి తీసుకుని వీధి చివరిదాకా తొక్కి రండి. ఎదురింటావిడ నవ్వితే నవ్వనివ్వండి. రేపు ఆవిడే "నాకూ నేర్పవూ" అని వస్తుంది!