గుల్లల దిబ్బ చెప్పే చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. స్టడీ అవర్లో వంశాల పేర్లు, సంవత్సరాలు బట్టీ పట్టిన వాళ్లమే మనమంతా. ఆ పేజీల్లో మన తాతముత్తాతలు కనిపించరు. వాళ్లు శాసనాలు వేయించలేదు. కోటలు కట్టించలేదు, కోటలకు రాళ్లు మోశారు. అందుకే "మీకు చరిత్ర ఎక్కడుంది?" అని కొందరు తేలిగ్గా అడిగేస్తారు. మా సమాధానం ఒక్కటే. అక్షరం రాని మనిషికీ చరిత్ర ఉంటుంది. అది తాళపత్రాల్లో లేకపోతే పొయ్యి పక్కన ఉంటుంది, పెంటకుప్పలో ఉంటుంది. ఇది ఆవేశంతో అంటున్న మాట కాదు. సముద్ర తీరాల్లో గుల్లల దిబ్బలు తవ్విన శాస్త్రవేత్తలు నూట డెబ్భై ఏళ్లకు పైగా రుజువు చేస్తూ వస్తున్న మాట.

గుల్లల దిబ్బ అంటే ఏమిటి? వేల ఏళ్ల కిందట తీరంలో బతికిన జనం తిని పారేసిన ఆల్చిప్పలు, నత్తగుల్లలు, చేప ముళ్లు, పొయ్యి బూడిద, కుండ పెంకులు తరతరాలుగా ఒకేచోట పోగుపడి గుట్టగా మారితే అదే గుల్లల దిబ్బ. డెన్మార్క్ తీరంలో ఇలాంటివి చాలా ఉన్నాయి. సముద్రమే వాటిని ఒడ్డుకు తోసిందని మొదట్లో అనుకునేవారు. 1848లో స్టీన్‌స్ట్రుప్ అనే జంతుశాస్త్రవేత్త, ఫోర్క్‌హామర్ అనే భూగర్భ శాస్త్రవేత్త, వోర్సో అనే పురావస్తు శాస్త్రవేత్త కలిసి వాటిని పరిశీలించడం మొదలుపెట్టారు. గుల్లల మధ్య బొగ్గు, రాతి పనిముట్లు, మూలుగ కోసం పగలగొట్టిన ఎముకలు దొరికాయి. అలలు ఎముకలు పగలగొట్టవు కదా! ఇవి మనుషులు తిని పారేసినవేనని తేలింది. ఆ దిబ్బలకు డేనిష్ భాషలో 'వంటింటి కుప్పలు' అని పేరు పెట్టారు. 1893 నుంచి 1897 వరకు తవ్విన ఎర్టెబోలె దిబ్బ సుమారు 140 మీటర్ల పొడవుంది. ఒక యుగపు సంస్కృతికి ఆ కుప్ప పేరే స్థిరపడింది.

జపాన్‌లో శాస్త్రీయ తవ్వకాలు మొదలైందీ ఒక గుల్లల దిబ్బతోనే. 1877లో ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికన్ జంతుశాస్త్రవేత్త యొకోహామా నుంచి టోక్యోకు రైల్లో వెళుతూ ఒమోరి దగ్గర పట్టాల పక్కన తెల్లగా మెరుస్తున్న గుల్లలను కిటికీలోంచి చూశాడు. అదే ఏడాది అక్కడ తవ్వించాడు. తాడు అచ్చులున్న కుండ పెంకులు బయటపడ్డాయి. జపాన్ ప్రాచీన చరిత్రలోని జోమోన్ యుగానికి ఆ తాడు అచ్చుల మీదే పేరు వచ్చింది.

ఈ కుప్పలు అంత వివరంగా ఎలా మాట్లాడతాయి? గుల్లలోని సున్నం మట్టి పులుపును విరుస్తుంది. అందుకే వేరేచోట కరిగిపోయే సన్నటి ముళ్లు కూడా ఇక్కడ నిలుస్తాయి. బొగ్గును పరీక్షిస్తే కాలం తెలుస్తుంది. గుల్ల అంచును పరీక్షిస్తే దాన్ని చలికాలంలో ఏరారో, ఎండాకాలంలో ఏరారో కూడా చెప్పవచ్చు.

అయితే కుప్ప పెద్దదిగా ఉందని అంతా అదే తిన్నారనుకోకూడదు. ఒక పెద్ద దుప్పి మాంసం ఇచ్చే శక్తికి సుమారు 50 వేల ఆల్చిప్పలు కావాలని జెఫ్ బెయిలీ అనే పరిశోధకుడు లెక్క వేశాడు. కుప్పను చదవడానికీ చదువు కావాలి. 1972-73లో బెట్టీ మీహన్ అనే పరిశోధకురాలు ఉత్తర ఆస్ట్రేలియాలోని అన్‌బరా ఆదివాసులతో కలిసి ఉంటూ వాళ్లు గుల్లలు ఏరడాన్ని గమనించింది. ఆ పని ఎక్కువగా చేసేది ఆడవాళ్లే. శాసనాల్లో చోటు దొరకని ఆడవాళ్ల కష్టం గుల్లల దిబ్బలో పొరలు పొరలుగా నిలిచి ఉండవచ్చన్నమాట.

ఇంత విలువైన దిబ్బలను లోకం ఏం చేసింది? సున్నం కాల్చుకుంది, రోడ్లకు పోసుకుంది. బ్రెజిల్‌లో సాంబకీలనే దిబ్బలు అలాగే కరిగిపోతుంటే 1961లో చట్టం చేసి ఆపవలసి వచ్చింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఉన్న 425 దిబ్బలను నెల్స్ నెల్సన్ 1909లో ప్రచురించిన నివేదికలో నమోదు చేశాడు. వాటిలో చాలావరకు ఇప్పుడు లేవు. అవి వట్టి కుప్పలు కూడా కావు. ఒహ్లోనీ అనే అక్కడి మూలవాసులు తమవాళ్లను ఖననం చేసుకున్న చోట్లు. ఎమెరీవిల్‌లోని పెద్ద దిబ్బ మీద డాన్సు మంటపం కట్టారు. 1924లో దాన్ని చదును చేశారు. ఆ తర్వాత అక్కడ ఫ్యాక్టరీ, 2002లో షాపింగ్ మాల్ వచ్చాయి. దిబ్బ పోయింది. వీధికి మాత్రం 'షెల్‌మౌండ్' అనే పేరు మిగిలింది.

కానీ ఒహ్లోనీలు ఊరుకోలేదు. కొరీనా గూల్డ్ వంటివారు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2024లో పొరుగున ఉన్న బర్కిలీలో దిబ్బ ఉన్న 2.2 ఎకరాల స్థలం ఆదివాసీ మహిళలు నడిపే ఒక భూ ట్రస్టుకు దక్కింది. అప్పటికి అది కార్ల పార్కింగ్ స్థలం. తవ్వేవాళ్లు ఎవరైనా కావచ్చు. కానీ అక్కడ పడుకున్నవాళ్ల వారసుల్ని అడగకుండా తవ్వకూడదని మా అభిప్రాయం.

ఇదంతా ఎక్కడో పరాయి దేశాల కథ, మనకెందుకు అంటారా? పొలం గట్ల మీద నత్తలు, కాలువల్లో పీతలు ఏరుకుని తిన్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ తిండి పేరు చెప్పి మనల్ని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. తల వంచుకోవలసిన పని లేదు. మానవజాతి వేల ఏళ్లు బతికిన తిండి అది. మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులోనూ ఒక బూడిద దిబ్బ ఉంది. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త దాన్ని తవ్వితే అది కొత్తరాతియుగపు పశువుల దొడ్డి అని, పేడ కాలి బూడిదైందని తేలింది. పశువులు కాచినవాళ్ల చరిత్ర అది.

చెత్త అబద్ధం చెప్పదు. 1973లో అమెరికాలోని టుసాన్‌లో విలియం రాత్జే ఇళ్ల చెత్తను పరిశీలిస్తే, జనం నోటితో చెప్పిన బీరు లెక్కకూ చెత్తబుట్టలోని డబ్బాల లెక్కకూ పొంతన కుదరలేదు. ఏ హాస్టల్లోనైనా గోడమీద మెనూ బోర్డు ఒకటి ఉంటుంది, వెనకాల కుప్ప ఒకటి ఉంటుంది. వారానికి ఎన్ని కోడిగుడ్లు పెట్టారో రేపటి పరిశోధకుడు బోర్డును అడగడు, కుప్పలోని పెంకుల్ని అడుగుతాడు!

"చరిత్ర చదివితే ఉద్యోగం వస్తుందా?" అని ఇంట్లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంటికి అన్నం పెట్టే చదువు ముందు కావాలి. కానీ మన పిల్లలందరూ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతే మన చరిత్రను ఎప్పటికీ వేరేవాళ్లే రాస్తారు. 425 దిబ్బలు నమోదు చేసిన ఆ నెల్సన్ డెన్మార్క్‌లో పేద రైతు కొడుకు. చిన్నప్పుడు పొలం పనులకే పోయేవాడు. 17 ఏళ్ల వయసులో అమెరికా వెళ్లి, అక్కడా వ్యవసాయం చేస్తూనే చదివాడు. హైస్కూలు పూర్తయ్యేసరికి అతనికి 26 ఏళ్లు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీలో పది మంది డాక్టర్లు, ఇంజనీర్లు కండి. ఒక్కరైనా పురావస్తు శాస్త్రం చదవండి. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఏ గుల్ల ఏ నెలలో దొరికేదో, ఎలా వండేవారో మీ నాయనమ్మను, అమ్మమ్మను అడిగి నోటుబుక్కులో రాసుకోండి. పునాదులు తీసేచోట పాత గుల్లలు, పెంకులు, బూడిద పొరలు కనిపిస్తే చెదరగొట్టనివ్వకండి. ఆ చోటు గుర్తుపెట్టుకుని పురావస్తు శాఖకు తెలియజేయండి. రాజుల చరిత్రకు కాపలాదారులు ఉన్నారు. మన చరిత్రకు మనమే కాపలా కాయాలి.