ఆరబెట్టుటా, కాల్చుటా?

కళాశాల ప్రయోగశాలకు హాట్ ఎయిర్ ఓవెను కొనవలెనన్న మాట వచ్చినప్పుడెల్ల మొదట వినవచ్చు ప్రశ్న, "ఎన్ని డిగ్రీల వరకు పోవును?" అనునది. 250 అన్నచో సంతోషము, 300 అన్నచో మరింత సంతోషము. కాని మన విద్యార్థులు దానిలో ఉంచబోవునవి ఆకులు, పూలు, విత్తనములు, మెత్తని పొడులు. వీటికి 300 డిగ్రీలతో పని యేమి?

తెలుగు బోధించువానికి ఈ చర్చలో చోటెక్కడిదని శాస్త్ర విద్యార్థులు నవ్వవచ్చును. నా వాదము మాటలతోనే మొదలగుచున్నది. మనము తడిబట్టను ఆరవేయుదుము, మిరపకాయలను ఎండబెట్టుదుము, ఇటుకను కాల్చుదుము. ఉర్దూ మిత్రులు మొదటి రెంటిని "సుఖానా" అను ఒక్క మాటతో చెప్పగలరు. తెలుగు మాత్రము వేడి యెంతయో క్రియలోనే చెప్పుచున్నది. సున్నితమైన నమూనాకు కావలసినది ఆరబెట్టు యంత్రము.

కోనసీమవారికి ఈ భేదము కొత్త కాదు. కురిడీ కొబ్బరికై కాయలను నెలల తరబడి అటకపై ఉంచుదురు. లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్పను వదలి, కాయను ఊపిన గలగలలాడును. అదే కొబ్బరిని తొందరపడి పెద్ద సెగపై పెట్టినచో పైపొర గట్టిపడి, నల్లబడి, తడి లోపలనే చిక్కుకొనును. ఓవెనులో అతివేడికి గురియైన నమూనా గతియు ఇంతే. రంగు మారును, సుగంధ తైలములు ఎగిరిపోవును, విత్తనము మొలకెత్తు శక్తిని కోల్పోవును.

కొత్తపేట గాలిలో తేమ యెక్కువ, కనుక వేడియు ఎక్కువ కావలెనందురు. లెక్క అట్లు చెప్పదు. 30 డిగ్రీల వద్ద నూటికి 80 పాళ్లు తేమగల గాలిని 45 డిగ్రీలకు వేడిచేసినంతనే ఆ 80 సుమారు 35కు దిగును. ఆ తేమగాలి బయటికి పోవుటకు పైన మూయుటకును తెరచుటకును వీలైన రంధ్రముండవలెను, అంతే.

కావున చూడవలసినది 40 నుండి 60 డిగ్రీల మధ్య నిలకడ. పై అరలోను క్రింది అరలోను వేడి ఒకటిగా ఉన్నదా? పొడి ఎగిరిపోకుండ ఫంకా వేగమును తగ్గించుకొనవచ్చునా? వాక్యూమ్ ఓవెను మరింత మెత్తనిది. పీడనము 55 మిల్లీమీటర్ల పాదరసమునకు దిగినచో నీరు 40 డిగ్రీలకే మరగును. అయితే దానికి పంపు, సీళ్లు, నిత్యము కనిపెట్టు మనిషి కావలెను. అవి లేనిచోట అది అలంకారవస్తువు. ఆ సొమ్ముతో ఒక మంచి ఫంకా ఓవెను, నాలుగు డెసికేటర్లు కొనుట మేలని నా అభిప్రాయము. కరెంటు పోయినప్పుడు ఆరిన నమూనా మరల తేమ పీల్చకుండ కాపాడునవి డెసికేటర్లే. స్పిరిటు, ఈథరులతో తడిసినవాటిని మాత్రము సాధారణపు ఓవెనులో ఎన్నడును పెట్టరాదు.

కమిటీ పెద్దలకు ఒక్క మనవి. పైకము చెల్లించుటకు ముందు 45 డిగ్రీల వద్ద పెట్టించి, మూడు అరలలో మూడు థర్మామీటర్లు ఉంచి, ఒక పూట నడిపి చూపుమని అమ్మకందారుని అడుగవలెను. ఆ పూట మన శాస్త్ర విద్యార్థులను దగ్గర నిలువనిచ్చి, అంకెలు వారిచేతనే వ్రాయించవలెను.